అమ్మకు ఏ జబ్బూ లేదట

మా చోడవరంలో ఆరోగ్య బీమా కాగితాలను ఆరోగ్యం కోసం చదివినవాళ్లు ఉన్నారేమో నాకు తెలియదు. నేను ఆదాయపు పన్ను కోసం చదివాను. అదీ పాలసీ తీసుకున్న నాలుగేళ్లకు. కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పేవాడు ముందే చదవాల్సిందని ఎవరైనా అంటే కాదనను.

ఇన్నాళ్లూ రిటర్నులో అమ్మ పాలసీకి కట్టిన ప్రీమియం ఒక గడిలో వేస్తే సరిపోయేది. ఈసారి పాలసీ నంబరూ అడిగారు. బీరువాలో పట్టుచీరల కిందున్న కవరు తీసి పేజీలు తిప్పాను. నంబరు కంటే ముందు మేమిచ్చిన దరఖాస్తు నకలు దొరికింది. మధుమేహం? లేదు. రక్తపోటు? లేదు. కింద అమ్మ సంతకం. పక్క గదిలో అదే అమ్మ షుగర్ మాత్ర వేసుకుంటోంది.

వచ్చే నెల ఆవిడ మోకాలి ఆపరేషన్ ఈ పాలసీ మీదే చేయిద్దామనుకున్నాం.

"నీకు షుగర్ లేదని రాశారేటమ్మా?"

"నేనే రాయమన్నాను. శుక్రవారం పూట, బొట్టెట్టి మంచి కాయితం మీద సంతకం పెడతా రోగాల పేర్లెత్తుతారేటిరా?"

రాసింది ఏజెంటు మావయ్య, అమ్మకు పిన్ని కొడుకు. ఫోన్ చేశాను.

"నిజం రాద్దారంటే అక్క ఒప్పుకుంటాదేటి బాబూ? ఇప్పుడు నువ్వు కదపకు. దేవుడున్నాడు."

"ఫారంలో ఆయన పేరు లేదు మావయ్యా."

ఆసుపత్రిలో చేరాక బయటపడితే క్లెయిము పోతుంది. ఇప్పుడే చెబితే పాలసీయే పోవచ్చు. రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించానంటే, రిటర్ను పక్కన పెట్టి పడుకున్నాను. చివరికి కంపెనీకి ఉన్నదున్నట్టు రాశాను.

"నా రోగాలన్నీ కంపెనీకి సెప్పీసేవా!" అని అమ్మ ఆ పూట నాకు కూర వడ్డించలేదు.

వారం తర్వాత కంపెనీ తరఫున డాక్టరు ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టాను.

"షుగర్ ఉందా అమ్మా?"

అమ్మ క్యాలెండరు వైపు చూసింది. "ఈవేళ మంగళారం బాబూ. రేపు సెయ్యండి."

పాలసీ అక్కడికక్కడే పోయిందనుకున్నాను. ఆయన మాత్రం మర్నాడు నిజంగానే చేశారు. ఆయన తల్లిదీ మా వైపేనేమో.

"ఉంది బాబూ, పదకొండేళ్లయింది. బీపీ ఉంది. మోకాలు సరేసరి. పులుసు తింటే గేసు. ఎడం సెవి సరిగ్గా ఇనబడదు... రాసుకుంటన్నావా?"

రాసుకున్నారు. నాలుగేళ్లు దాచిన నోరు ఇరవై నిమిషాలు ఆగలేదు.

పాలసీ ఉంచుతామని, ఆపరేషన్ చేయించుకోవచ్చని, ప్రీమియం మాత్రం పెరుగుతుందని తర్వాత ఒక శుక్రవారం ఉత్తరం వచ్చింది. అమ్మకు చదివి వినిపించాను.

"ఆ కాయితం బీరువాలో ఎట్టీ," అంది. "ఈవేళ కాదు, రేపు."

నేను ఆరోజే పెట్టేశాను. పట్టుచీరల కింద కాదు, పైన.