కదలని స్వరం

హిందూపురం నుంచి ధర్మవరానికి రోజూ రైల్లో పోయివచ్చే టీచరుద్యోగం నాది. ఒకరోజు ఫోన్లో భక్తిపాటలు వెతుకుతుంటే, ఫ్రాన్సులో ఈ కాలపువాళ్లు చర్చి కోసం కట్టిన ఆర్గన్ సంగీతం తగిలింది. మొదటి స్వరం ఎంతకీ కదలదు. ఫోను చెడిపోయిందేమో అనుకున్నాను. పెనుకొండ కిటికీలోకి వచ్చి వెళ్లిపోయింది గానీ ఆ స్వరం అక్కడే ఉంది. తర్వాత దాని మీద నెమ్మదిగా మనుషుల గొంతులు లేచాయి. తాళం లేదు, తబలా లేదు. దేవుణ్ణి పిలిచి, ఇంతసేపు ఊరికే నిలబడే ఆ మనుషులెవరో తెలుసుకోవాలని ఒకటే కుతూహలం పట్టుకుంది.

మా చర్చిలో కీబోర్డు వాయించేది నేనే. కోయిర్ నడిపింది మా నాయన. ఆయన పోయి ఏడాది కావస్తోంది, జ్ఞాపకార్థ కూడికలో ఈ పాటే పాడించాలనుకున్నాను. కొడుకు పోయినప్పటి నుంచీ మా అవ్వ, నాయన తల్లి, చర్చికి వస్తుంది, కూర్చుంటుంది, నోరు మాత్రం తెరవదు. పాట లేదు, ప్రార్థన లేదు. దేవుడి మీద అలిగిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇది వింటే కరుగుతుందేమోనని నా ఆశ.

ఆ పాటలోని లాటిన్ మాటలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చి కోయిర్‌కి నేర్పాను. అందులో పాడే టైలరన్న పగలబడి నవ్వాడు.

"ఏం పాటమ్మా ఇది? సిగ్నల్ కాడ రైలు నిలబడిపోయినట్లుండాది."

"నువ్వు నోరు మూసుకొని పాడన్నా," అన్నాను.

కూడిక రోజు కీబోర్డులో ఆర్గన్ శబ్దం పెట్టి మొదటి స్వరం పట్టుకున్నాను. నాకు ముందుగా తట్టనిది ఒకటుంది. మా చర్చిలో ప్రార్థన వేళ నేను ఇలాగే ఒక్క స్వరం పట్టుకుని కూర్చుంటాను, ఎవరి ప్రార్థన వాళ్లు పైకే చేసుకుంటారు. ఏళ్ల అలవాటు. స్వరం కదలకపోయేసరికి మందిరమంతా కళ్లు మూసుకుంది, పాస్టరుగారితో సహా. స్తోత్రం, స్తోత్రం అని గొంతులు లేచాయి. పాడాల్సిన టైలరన్న అందరికంటే గట్టిగా ప్రార్థిస్తున్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. పడ్డ కష్టమంతా గాల్లో కలిసిందని చెయ్యి తీసేయబోయాను.

అంతలో ముందు వరుసలోంచి అవ్వ గొంతు వినపడింది.

"నా కొడుకు యాడుండాడు ప్రభువా? ఆడ వాన్ని పాడనిస్తాండావా?"

కోయిర్‌కి సైగ చెయ్యాల్సిన సమయం దాటిపోయింది. నాకు ఏడుపొచ్చింది, వేళ్లు నొప్పి పుట్టాయి. అవ్వ అడుగుతూనే ఉంది. ఆమె అడగడం అయ్యేదాకా నేను చెయ్యి తీయలేదు.