రోజుకో అనుమానం అడిగిన మేడం

ఉద్యోగం వచ్చింది! అసిస్టెంట్ లైబ్రేరియన్! అదీ పర్మనెంట్ పోస్టు! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే, యూనివర్సిటీ లైబ్రరీలో కుర్చీ వేసుకుని కూర్చోబోయేదీ నేనే. ఆర్డరు తీసుకుని బయటికొస్తుంటే ఆ లైబ్రరీ మూల గదిలో కొత్త ర్యాకులు బిగిస్తున్నారు. కోసిన ప్లైవుడ్ వాసన, దాని మీద జిగురు వాసన. అంత సంతోషంలోనూ నా చెయ్యి దానంతటదే వెళ్లి ఒక పలకను తట్టి చూసింది. గ్రేస్ మేడం గుర్తొచ్చారు.

లైబ్రరీ సైన్స్ చదువుతూ నేను ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ లైబ్రరీలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. అక్కడ విద్యార్థులు లోపలికి రాకూడదు. కౌంటర్ దగ్గర చీటీ రాసిస్తే అటెండర్ యాదగిరి అన్న వెళ్లి పుస్తకం తెచ్చేవాడు. అలాంటి చోటికి గ్రేస్ మేడం చీఫ్ లైబ్రేరియన్‌గా వచ్చారు. గుంటూరు వైపు మనిషి. నేత చీర, మెళ్లో సన్నటి సిలువ, నవ్వు తక్కువ. వచ్చిన కొద్ది రోజులకే చెప్పేశారు: కౌంటర్ తీసేస్తాం, పిల్లలే లోపలికొచ్చి పుస్తకాలు వెతుక్కుంటారు, తీసుకెళ్లేవి మెషిన్ మీద వాళ్లే నమోదు చేసుకుంటారు. మాకు వినపడింది మాత్రం ఒక్కటే, ఇక మీరు అక్కర్లేదని.

"మంచిగ మాట్లాడి మెడ కోస్తది సూడు చెల్లె," అన్నాడు యాదగిరి అన్న. "గీమెను తెచ్చిందే మనల్ని పంపనీకి."

నేనూ అదే నమ్మాను. దానికి తోడు ఆమె ఒక వింత అలవాటు పెట్టారు. పొద్దున తలుపులు తీసే ముందు అందరం టీ గ్లాసులతో నిలబడి తలా ఒక అనుమానం చెప్పాలి. పొగడ్తలు వద్దు, సలహాలు వద్దు, అనుమానమే కావాలి. ఆమె 'అవును' అనో, 'కాదు' అనో, 'నాకూ తెలీదు' అనో అనేవారు, అంతే. నోరు తెరిచినవాళ్ల పేర్లు పైకి వెళ్తాయని మాలో మేం అనుకున్నాం. అందుకే మొదట్లో తెలివిగా పనికిమాలినవే చెప్పాం. కొత్త ఫ్యాన్లు చప్పుడు చేస్తాయేమో అంటే, ఆమె టీ ఊదుకుంటూ "ఇది అనుమానం కాదండీ, మొహమాటం. రేపు అసలుది పట్టుకురండి," అన్నారు.

మర్నాడు యాదగిరి అన్న పట్టుకొచ్చాడు. "మెషిన్ వచ్చినంక మా నౌకరీలు ఉంటయా, పోతయా మేడం?"

"నాకూ తెలీదండీ. పోకూడదనే చూస్తున్నాను. మాటివ్వలేను."

ఆ పొద్దున ఎవరమూ టీ పూర్తిగా తాగలేదు. ఉంటాయని అబద్ధమాడినా కాస్త నమ్మేవాళ్లమేమో.

ఇంతలో కొత్త ర్యాకులు వచ్చాయి. చేసినవాళ్లు సినిమా సెట్లు వేసే వడ్రంగులు. ఆ చుట్టుపక్కల వీధికొకరు దొరుకుతారు. యాదగిరి అన్నది షేక్‌పేట, ఆయన తమ్ముడు కూడా ఆ పనే చేస్తాడు. అన్న వేలి కణుపుతో ర్యాకును తట్టి, చెవి పెట్టి, మా వైపు చూశాడు. "లోపలంత డొల్ల. గిది లైబ్రరీ గాదు, సెట్టు. మనల్ని ఎల్లగొట్టి హాలు షూటింగులకు కిరాయికిస్తరు. హీరో హీరోయిన్ గీడ్నే గుద్దుకుని బుక్కులు కింద పడేసుకుంటరు." నవ్వాం గానీ నమ్మాం. మర్నాడు టీ దగ్గర ఆ మాట చెప్పడం నా వంతైంది.

మేడం కోప్పడలేదు. "షూటింగ్ మాట, కాదు. డొల్ల మాట, నాకూ తెలీదు. బరువు పెట్టి చూద్దాం రండి." బైండు చేసిన పాత పత్రికలు, మా దగ్గరున్న వాటిల్లో అన్నిటికంటే బరువైనవి, మోసుకొచ్చి పేర్చాం. ఆమె కూడా కొంగు దోపుకుని మోశారు. సాయంత్రానికి నడిమి పలక ఉయ్యాలలా వంగింది.

అప్పటికే ప్రారంభోత్సవం కార్డులు పంచేశారు. మేడం ర్యాకులు తిప్పి పంపించి, ప్రారంభం వాయిదా వేశారు. ఫోన్‌లో పైవాళ్లెవరో అరుస్తుంటే మా దాకా వినిపించింది. "మా వాళ్లకి అనుమానం వచ్చిందండీ. నిజమే అయింది," అన్నారామె.

"యాక్టింగ్ అంటే గిట్లుంటది," అన్నాడు యాదగిరి అన్న. కానీ గొంతులో మునుపటి ధీమా లేదు.

గట్టి ర్యాకులు వచ్చాక ఏది ఎక్కడ ఉండాలో మాతోనే తేల్పించారు. కౌంటర్ బల్లను మేమే మోసి బయట పెట్టాం. యాదగిరి అన్న ర్యాకుల మధ్య తిరుగుతూ "ఏం గావాలె బిడ్డా?" అని పిల్లల్ని పలకరించే పనిలో పడ్డాడు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. సెలవుల తర్వాత మేడం మాత్రం రాలేదు. సొంత కారణాలతో మానేశారని ఆఫీసులో చెప్పారు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. మా ఉద్యోగాల మీద చెయ్యి పడకుండా ఆమె ఏదో అడ్డం పెట్టి ఉంటారు. ఏం పెట్టారో ఎవరూ చెప్పరు.

మొన్న ఇంటర్వ్యూలో అడిగారు: "మార్పు తెస్తుంటే సిబ్బంది అడ్డం తిరిగితే ఏం చేస్తావమ్మా?" "వాళ్లకేదో కనిపిస్తూ ఉంటుంది సార్, అదేంటో ముందు అడుగుతాను. నాకు తెలియకపోతే తెలియదని చెప్తాను," అన్నాను. చేరాక నన్నూ ఎవరూ నమ్మరు. నమ్మకపోతేనే నయం, అడుగుతారు.

ఇంకా ఎన్ని ఫోన్లు చెయ్యాలో! అమ్మ మధురానగర్‌లో వంట పనిలో ఉంటుంది, ఆమెకు ముందు. నాన్న ఆటో తోలుతూ ఎత్తడు, వెంటవెంటనే చేస్తే కంగారుపడతాడు, కాబట్టి ఒక్కసారే. రహమత్ నగర్‌లో మా ఇంటి ఓనరాంటీ, ఆడపిల్లకు అంత చదువెందుకే అన్నది కదా, ఆమెకు తప్పకుండా. యాదగిరి అన్నకు. తర్వాత గ్రేస్ మేడంకు. ఉద్యోగం సంగతి చెప్పేసి, ఫోన్ పెట్టేలోపు అడిగేస్తాను: మా కోసమే పోయారా మేడం మీరు?