ఖాళీ గుడారంలో ఆడిన బొమ్మ

సహోదరులారా, సహోదరీలారా, నా కుడిచెయ్యి చూడండి, దాచుకోను, వెనక బల్లల మీద ఉన్నవాళ్ళకు కనిపించకపోతే లేచి నిలబడి చూడండి. ఈ రెండు వేళ్ళు వంగిపోయాయి, ఇక చాచుకోవు. కుష్ఠు పట్టిందని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో నాకు వేరే గ్లాసు, వేరే చాప, ఆఖరికి నడవడానికి వేరే వాకిలి కూడా పెట్టారు. రాయగడ అవతలి కుష్ఠు కాలనీలో నర్సమ్మలు నన్ను చేర్చుకుని తెల్లమాత్రలు మింగించారు, దేవుడు నన్ను బతికించాడు, ఆయనకే మహిమ! కానీ నేను చెప్పవచ్చిన విడుదల అది కాదు, దాని తర్వాతది. ముందే చెబుతున్నాను, నా సాక్ష్యంలో కోపం ఉంటుంది, పాస్టరు గారు క్షమించాలి. ఆ కోపాన్ని ప్రభువు పాదాల దగ్గర ఎన్నోసార్లు పెట్టాను గానీ అదింకా అక్కడ కుదురుగా కూర్చోవడం లేదు.

మా అన్న పోయాక మా వదిన సూరమ్మ కూతురు కరుణతో గుణుపురంలో ఉంటోంది. ఒకసారి చూడ్డానికి వెళితే, ఆ పిల్ల ఉడుకుతున్న అన్నం తపేలాను గుడ్డ కూడా లేకుండా ఒట్టి చేతులతో దించేస్తోంది! మా వదినకు అదొక గొప్ప. "సూసేవా రూతమ్మా, మా అమ్మికి సెయ్యి కాలదు, ఎంత పనిమంతురాలో!" అని నాతోనూ అంది, ఇరుగుపొరుగు అందరితోనూ అనేది. నా చిన్నతనంలో మా అమ్మ కూడా అచ్చం ఈ మాటే అని నన్ను మెచ్చుకుంది! పిల్ల మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ ఉంది, కళ్ళు మూసుకోమని కోడి ఈకతో తాకాను, దానికి తెలియలేదు. ఇప్పుడే మాత్రలు మొదలుపెడితే దీని వేళ్ళు దక్కుతాయి వదినా అని కాళ్ళు పట్టుకున్నాను.

"నీ రోగం నీకాడే ఉంచుకో. అమ్మిని ఆ కాలనీకి పంపితే ఊర్లో నానేటి మొగం ఎత్తుకుంటాను?" అని తలుపు వేసేసింది. నర్సమ్మ వెళ్ళి చెప్పినా వినలేదు, పాస్టరు గారు వెళ్ళి చెప్పినా వినలేదు. అలాంటి మనిషి, ఊళ్ళోకి గుడారం వేసి ఆడే టూరింగు సినిమా వచ్చిందంటే మాత్రం పొయ్యి ఆర్పేసి పోయేది. తెరమీద ఏది చూపిస్తే అది నమ్మేది.

మా తమ్ముడు ఏసుదాసు ఆ టూరింగు సినిమాలోనే ఆపరేటరు. ఈ కొండల్లో సినిమా తీద్దామని వచ్చి, మలేరియా పట్టి మద్రాసు తిరిగిపోయిన ఒకాయన చేత్తో తిప్పే పాత కెమెరా ఒకటి వాడికి ఇచ్చి పోయాడు. వాడు నాతో అన్నాడు, "అక్కా, వదిన నీ మాట ఇనదు గానీ తెరమీద నువ్వు సెబితే ఇంటాది. నిలబడతావా?" సిగ్గుతో చచ్చిపోయాను సహోదరీలారా, నా మొహం, నా వేళ్ళు ఊరూరా చూపించుకోవడమా! అయినా ఆ పిల్ల కోసం నిలబడ్డాను. కాలనీ వాకిట్లో పొగలు కక్కే గ్లాసు ఒట్టి చేత్తో పట్టుకున్నాను, ఈకతో తాకించుకున్నాను, ఈ వంకరవేళ్ళు కెమెరా ముందు పెట్టాను. మాటలు లేని చిన్న బొమ్మ అది. ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊరి మాటలో వాడే మైకులో చెప్పుకుపోతాడు, ఒకచోట తెలుగు, ఒకచోట ఒడియా, సంతల దగ్గర కొండజనం మాట్లాడే దేశియా.

తీశాక గుడారం షావుకారు అన్నాడు గదా, "రోగం బొమ్మ సూడ్డానికి వినోదపు పన్ను కట్టి ఎవడొస్తాడు? పన్ను మాఫీ కాయితం తే, ఏస్తాను." జనానికి మేలు చేసే బొమ్మలకు సర్కారు పన్ను వదిలేస్తుందనీ, చిన్నవాళ్ళకు అదే పెద్ద ఆసరా అనీ అందరూ అనేవాళ్ళు, మేమూ నమ్మాం. కోరాపుట్టు ఆఫీసుకు వెళితే ఏ భాష బొమ్మ అని అడిగారు. భాష లేదండీ, ఏ ఊరైతే ఆ ఊరి భాషే అన్నాడు మా వాడు. అలా రాసుకోవడానికి మా కాగితంలో చోటు లేదు పొమ్మన్నారు! ఒడియా బొమ్మ కాదు గనక ఆంధ్రాలో అడుక్కోమన్నారు, అక్కడ అడిగితే మీది ఒడిశా గదా అన్నారు. అయ్యా, ఆ పిల్లను పట్టేటప్పుడు రోగం అడిగిందా, నీది ఏ భాషని? కాగితం ఆఫీసులు తిరుగుతున్నంతసేపూ మచ్చ మణికట్టు వైపు దిగుతూనే ఉంది.

ఆఖరికి కటకం నుంచి కాగితం వచ్చింది. ఈ బొమ్మ కలిపి ఆడిన ప్రతి ఆటకూ పన్ను మాఫీ! మేము మోకరించి స్తుతించాం. తర్వాత జరిగింది వినండి. పన్ను పోయింది గదా, టిక్కెట్టు తగ్గిందా? తగ్గలేదు! సర్కారుకు పోవలసింది షావుకారు సంచిలో పడింది. మా తమ్ముడికి ఏమిచ్చాడంటే, నీ బొమ్మకు మిషను దీపంలో బొగ్గుకడ్డీలు కాలుతున్నాయని జీతంలో కోత పెట్టాడు! అది కూడా ఓర్చుకుందుము. కానీ ఆ బొమ్మను ఎప్పుడు వేసేవాడో తెలుసా, పొద్దు గుంకకముందే, గుడారం తలుపులు బార్లా తీసి, జనం ఇంకా బయట టిక్కెట్ల కోసం తోసుకుంటూ ఉండగా! ఎండ పడి తెల్లబోయిన తెర మీద నా చెయ్యి నీడలా కదిలేది, లోపల ఒక కుక్క పడుకుని ఉండేది. ఇదేమి అన్యాయమని అడిగితే ఆ పెద్దమనిషి అన్న మాట ఈనాటికీ నా చెవిలో ఉంది: "కాయితంలో ఆడించాలని ఉంది గానీ, జనం సూడాలని ఉందేటి?"

మా తమ్ముడు మంచం పట్టాడు. గంజి ముట్టడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు, లేస్తే ఆ రీలు తీసుకుపోయి వంశధారలో పారేస్తానంటాడు. అప్పుడు గుడారం గుణుపురంలో దిగి ఉంది, అక్కడికి వెళ్ళి, వాడి మంచం పక్కన కూర్చుని దేవునితో పోట్లాడాను. "ప్రభువా! ఊచచెయ్యి గలవాణ్ణి సభ మధ్యలో నిలబెట్టి అందరికీ చూపించావే, నా చెయ్యిని కుక్కకు చూపిస్తావా? సిగ్గు విడిచి నీ పని మీద నిలబడ్డాను గదా తండ్రీ, నన్ను కూడా మధ్యలో నిలబెట్టు! ఆ పిల్ల వేళ్ళు వంగకముందే నిలబెట్టు!" మర్యాదగా అడగలేదు సహోదరులారా. ఏడుస్తూ గట్టిగా అరిచాను.

ఆ సాయంత్రం ఏం జరిగిందంటే, పెద్ద సినిమా రీళ్ళ పెట్టె నౌపడ నుంచి చిన్నరైల్లో రావాలి. రైలు రాలేదు! దారిలో ఇంజను చెడిపోయిందట. గుడారం కిక్కిరిసి ఉంది, జనం ఈలలు, కేకలు, డబ్బు వెనక్కిమ్మని పేచీ. షావుకారు పరుగెత్తుకుంటూ మంచం దగ్గరికి వచ్చి, "బాబ్బాబు, నీ బొమ్మైనా ఏసీరా నాయనా!" అని మా తమ్ముడి గడ్డం పట్టుకున్నాడు. వాడు లేచాడు. ఎవరూ జారుకోకుండా షావుకారే స్వయంగా తలుపులు దించి తాళ్ళు బిగించాడు, లోపల చీకటి పడింది, దేవునికి స్తోత్రం! మొదట జనం తిట్టారు. ఇంతలో తెర నిండా నా మొహం వచ్చింది, మైకులో మా తమ్ముడి గొంతు వచ్చింది: "అమ్మల్లారా, సెయ్యి కాలకపోతే అది పనితనం కాదు, రోగం." ఆడవాళ్ళ వైపు తల్లులు పిల్లల చేతులు తిప్పి చూడసాగారు. రైలు రాక, ఇంకేమీ లేక, షావుకారు అదే బొమ్మ మళ్ళీ మళ్ళీ వేయించాడు. ఆ ఆడవాళ్ళలో మా వదిన ఉంది.

తెల్లవారగానే పిల్లను చంకనెత్తుకునే వయసు కాకపోయినా ఎత్తుకుని వచ్చింది. "నాను మెచ్చుకున్నాను రూతమ్మా, నా నోటితో నానే మెచ్చుకున్నాను" అని నా ఈ వంకరచెయ్యి పట్టుకుని, నన్ను ముట్టుకోనే ముట్టుకోని మనిషి, దాన్ని కళ్ళకద్దుకుంది. ఆ రోజే ముగ్గురం కాలనీకి వెళ్ళాం.

ఇంక మా తమ్ముడి సంగతి. వాడు గంజి తాగాడు, లేచి తిరిగాడు, కానీ ఇంకో బొమ్మ తీయలేదు. ఇప్పుడు రాయగడ రైసుమిల్లులో ఇంజను చూస్తున్నాడు, కెమెరా అటక మీద ఉంది. ఆ మాఫీ గుడారానికి పనికొచ్చింది, తీసినవాడికి పనికిరాలేదు. సంతకాలు పెట్టే అయ్యలు ఈ సంఘంలో కూడా ఉన్నారు, మిమ్మల్నే అడుగుతున్నాను, మీరు వదిలిన సొమ్ము ఎవరి చేతికి చేరిందో ఒక్కసారైనా వచ్చి చూశారా?

పోయిన నెల మన ప్రేమవిందులో కరుణ వడ్డించింది, చూశారు గదా. గుడ్డ మరిచిపోయి పప్పు గిన్నె పట్టుకుని, "అబ్బా! కాలిందత్తా!" అని కేకేసి కింద పెట్టేసింది. అందరూ అయ్యో అన్నారు. నేనూ మా వదినా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం, ఆ కేకంత మంచి స్తోత్రం ఈ మందిరంలో నేను వినలేదు. కనుక సహోదరీలారా, మీ ఇంట్లో ఎవరికైనా మచ్చ ఉంటే, చెయ్యి కాలకుండా ఉంటే, ఏ కాగితం కోసమూ ఆగవద్దు, రేపే రండి, నా ప్రభువును నమ్మి రండి, ఈ చేత్తోనే మిమ్మల్ని తీసుకువెళతాను.