ఖాళీ డబ్బాల చాచా

మా పక్కింటి చాచా పోయిన శుక్రవారం చనిపోయారు. మిలిటరీవాళ్లు పట్టుకుపోయి వదిలిపెట్టాక ఆయనకు దగ్గు తగ్గనే లేదు. నేనిది రాస్తున్నట్టు మా ఇంట్లో తెలియదు. అందుకే కింద నా పేరు పెట్టడం లేదు.

చాచా సికింద్రాబాద్ స్టేషన్‌లో సిగ్నల్ దీపాలు తుడిచి నూనె పోసే పని చేసి రిటైరయ్యారు. నూనె చుక్క వృథా అయితే ఆయన ప్రాణం ఒప్పేది కాదు. బొల్లారం మిలిటరీ బ్యారక్‌ల వైపు పారేసిన ఖాళీ నూనె డబ్బాలను సైకిల్‌కు కట్టి తెచ్చేవారు. వాటిని ఎండలో గిన్నెల మీద బోర్లించి, కారిన చుక్కల్ని గుడ్డలో వడకట్టి, సీసాల్లో పోసి గోడ మీద వరసగా పెట్టేవారు. నేను ముట్టుకోబోతే, "కదపకు బిడ్డా. ఊకుంటే మడ్డి దానంతటదే కిందికి పోతది" అనేవారు.

ఇండియావాళ్లు మా సంస్థానం సరిహద్దులు మూసేసి కిరసనాయిలు దొరకని నెలల్లో మా ఇంటి దీపం ఆ సీసాలతోనే వెలిగింది. మా చర్చి బడి పరీక్షలకు నా చదువంతా ఆ వెలుతురులోనే. బదులుగా ఆయనకు వచ్చే ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టేదాన్ని. పింఛను కాగితం, రైల్వే నోటీసు, మందు సీసా మీది చీటీ కూడా. "బిడ్డకు దొరల భాష వస్తది, నాకేం పరేషాన్" అని చాచీతో అనేవారు.

అయినా నాకు అనుమానమే. గోడ మీది సీసాలు తగ్గిపోతుండేవి. గడ్డపాయన ఒకడు సంచితో వచ్చి, మాటా పలుకూ లేకుండా పట్టుకుపోయేవాడు. ఒక సీసాలో పెట్రోలు వాసన తగిలింది. ఎక్కడెక్కడ ఇళ్లు పెట్రోలు పోసి తగలబెట్టారో అమ్మా నాన్నా గుసగుసలాడుకునే రోజులవి.

"ఎవరికిస్తున్నరు చాచా?" అని అడిగాను.

"చీకట్ల ఉన్నోళ్లకు" అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పోలీస్ యాక్షన్ అయిన వారానికి సిపాయిలు మా వీధిలోకి వచ్చారు. వాళ్ల ఆఫీసరుకు అరవం, ఇంగ్లీషు తప్ప ఏదీ రాదు. నన్ను పిలిచి చాచా చెప్పేది ఇంగ్లీషులో చెప్పమన్నాడు.

"ఈ నూనె ఎందుకని అడుగుతున్నరు చాచా."

"ఎందుకేంది? దీపాలకు. పారేసింది తెచ్చిన, దొంగతనం చెయ్యలే. చెప్పు బిడ్డా."

చెప్పాను. నువ్వు నమ్ముతున్నావా అని ఆఫీసరు నన్ను అడిగాడు. భయంతో పెట్రోలు వాసన గురించి, సంచితో వచ్చే మనిషి గురించి చెప్పేశాను. నేను తన తరఫున మాట్లాడుతున్నాననుకుని చాచా పక్కన నిలబడి తలూపుతూనే ఉన్నారు. ఆయన్ని అలాగే లారీ ఎక్కించారు.

రెండు నెలలకు వదిలారు. వచ్చిన మర్నాడే డబ్బాలు బోర్లించారు. మాకు సీసా పంపడం మానలేదు, నన్ను బిడ్డా అనడం మానలేదు. కాగితాలు మాత్రం నా దగ్గరికి తేలేదు. పింఛను కాగితం వస్తే, దగ్గుతూనే పోస్టాఫీసు గుమస్తా దగ్గరికి నడిచి వెళ్లారు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

గడ్డపాయన చాచా జనాజా మోయడానికి వచ్చాడు. కుష్ఠు ఆసుపత్రిలో కాపలా మనిషట. సీసాలు అక్కడి దీపాలకట. పెట్రోలు సంగతి నేనెవరినీ అడగలేదు.

మొన్న చాచీ నన్ను పిలిచి, చాచా కోటు జేబులో దొరికిన కాగితం చేతిలో పెట్టింది.

"ఇడిచిపెట్టిననాడు మిలిటరోళ్లు ఇచ్చిన్రు. మీ చాచా నాకు సుత చూపియ్యలే. జెర సదువు బిడ్డా, ఏం రాసిన్రు?"

టైపు కొట్టిన నాలుగు ఇంగ్లీషు లైన్లు. నేరం రుజువు కాలేదు కనుక విడుదల. పట్టుకోవడానికి కారణం, పక్కింటి క్రైస్తవ బాలిక ఇచ్చిన సమాచారం. ఆ లైను కింద, చాచాకు చదివి చెప్పినవాళ్లెవరో పెన్సిల్‌తో గీత గీశారు.

"మంచి మనిషని రాసిన్రు చాచీ" అన్నాను.

చాచీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గిసొంటిది జేబుల దాసుకుంటడా ఎవరన్న? పిచ్చి మనిషి."

నిన్న దాన్ని బజారుకు పంపి అద్దం కట్టించి తెప్పించింది. ముందుగదిలో, గుమ్మానికి ఎదురుగా తగిలించింది. పరామర్శకు వచ్చినవాళ్లందరినీ దాని ముందుకు తీసుకెళ్తోంది. నేను మా కిటికీ పక్కన నిలబడి, ఆ లైన్లు చదువుతూ వాళ్లలో ఎవరి పెదవులైనా కదులుతున్నాయేమోనని చూస్తున్నాను.