మాయలపట్నం గండపెండేరం

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మేము జమ్మలమడుగులో ఉండేవాళ్లం. తాత పురోహితుడు. మధ్యాహ్నం పూట మేనత్త దీపాలకు వత్తులు చేస్తూ అక్కకూ నాకూ మాయలపట్నం కథలు చెప్పేది. ఏ పుస్తకంలోదీ కాదు, ఆమె సొంత పట్నం. అక్కడ అందరూ మంత్రగాళ్లే. ఎగరగలరు, మాయం కాగలరు. వాళ్ల రాజు ఇచ్చే అతి పెద్ద గౌరవం గండపెండేరం. నిండు సభలో వీరుడి కాలికి తొడుగుతాడు. ఒకటే షరతు, మంత్రం వాడకుండా సాహసం చేయాలి. మాయం కాగలిగినవాడు పులి ఎదుట నిలబడితే ఏం గొప్ప? అందుకే ఆ పట్నంలో అది దక్కినవాళ్లు అరుదు.

మా ఇంట్లో అత్త ఆటగా ఇచ్చే పెండేరం అంతకన్నా అరుదు. పురోహితుడి మనవరాళ్లం, చీకటి గదిలోకి పోవాలన్నా పెదవులు వాటంతటవే ఏదో మంత్రం గొణిగేవి. ఒకసారి అక్క పెరట్లో తేలును చెంబు కింద మూసిపెట్టి, పెండేరం తొడగమని కాలు చాపింది.

"తాత కాడ విన్న తేలుమంత్రం గొణిగినావా, లేదా?" అంది అత్త.

అక్క ముఖం మాడ్చుకుంది. నాకు మాత్రం లోలోపల పండగే.

అత్తకు చిన్న వయసులోనే భర్త పోయాడు. ప్రొద్దుటూరులో కాపురమున్నప్పుడు ఆయన చదివించిన చదువుకు, పులివెందుల బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. భర్త లేని ఆడపిల్ల పరాయి ఊళ్లో ఒంటరిగా ఉంటానంటే తాత ఒప్పుకోడని అందరికీ తెలుసు. అసలు ఆయనతో చెప్పేదెవరు? మా ఇంట్లో ఆడవాళ్లు తాత ఎదుటికి వచ్చి మాట్లాడరు. తలుపు చాటున నిలబడి, "మీ తాతకు చెప్పు పాపా" అంటూ మా మీద పెట్టి చెప్పేవాళ్లు. ఆయన అంతా విని, జవాబు మాతోనే పంపేవాడు.

ఆదివారం తాత భోంచేసి నడవలో కూర్చున్నాడు. అత్త తలుపు చాటుకు వచ్చింది. నేను అలవాటుగా నా వంతు కోసం చూస్తున్నాను. ఆమె నన్ను దాటుకుని గడప ఇవతలికి వచ్చింది.

"నాయనా, నాకు పులివెందుల బడిలో పని వచ్చింది. రేపు పోతాండా."

తమలపాకు ఈనె తీస్తున్న తాత చేయి అలాగే ఉండిపోయింది. నా నోరు ఊరుకుంటుందా? "అత్తకు గండపెండేరం!" అని అరిచేశాను.

"ఏంది పాపా అది?"

భయపడుతూనే పట్నం, రాజు, షరతు అన్నీ చెప్పాను. ఆయన తమలపాకు పక్కన పెట్టి అత్త వైపు తిరిగాడు.

"నాతో మాట్లాడేదానికి నీకు అంత ధైర్యం కావాల్సి వచ్చెనా తల్లీ?"

అత్త కళ్లు తుడుచుకుంది. కాదని మాత్రం అనలేదు. తాత తల దించుకోవడం నేను చూసింది అప్పుడే. ఆయన మీద జాలి వేసింది, అత్తను చూస్తే సంతోషమూ వేసింది.

మరునాడు పొద్దున్నే ట్రంకుపెట్టె ఆయనే భుజాన పెట్టుకున్నాడు. మడీ గిడీ మరిచిపోయి, బస్సు దగ్గర జనాన్ని తోసుకుంటూ పోయి కండక్టరును పిలిచాడు.

"అప్పా, మా పాప టీచరమ్మ. ముందు సీటు ఇయ్యి."