కొంగు తీసి ఊదిన మాసమ్మ

మాసమ్మ వయసంతా వలసపోయి మట్టి మోసింది. అక్కడ మేస్త్రీల ఎదుట నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడాల్సి వచ్చేది. వాళ్లు నేర్పిన మర్యాద అది. ఇప్పుడామెకు ఆయాసం. వనపర్తి దవాఖానలో కొత్త మిషిన్ పెట్టారు. ఊపిరిలోని వాయువును వెలుతురుతో కొలిచి, ఊపిరితిత్తుల్లో వాపెంతో చెబుతుంది. ఎదురుగా డాక్టరు కూర్చుని ఉండగా, మాసమ్మ దాని గొట్టంలోకి కొంగు మీదుగానే ఊదింది. తెర మీద అంకె రాలేదు.

"కొంగు తియ్యమ్మా," అంది నర్సు పావని.

"సారు మొకానికి నా ఊపిరి తగుల్తది బిడ్డా. తప్పు గాదా?"

"నీ ఊపిరి కోసమే గదా ఈ మిషిన్ తెచ్చింది!"

మాసమ్మ కొంగు నడుముకు దోపుకుని గట్టిగా ఊదింది. అంకె వెలిగింది.

"మందులతో తగ్గుతుంది. నెల తర్వాత మళ్లీ వచ్చి ఊదాలి," అన్నాడు డాక్టరు.

"వస్త సారూ," అంది మాసమ్మ, కొంగు అడ్డం లేకుండా, ఆయన ముఖంలోకి చూస్తూ.