అక్క చెవుల మీద పడ్డ నింద

మా అబ్బాయి ఎలక్ట్రిక్ కారు కొన్నప్పుడు హిందూపురంలో మా వీధివాళ్ళంతా వచ్చి చూసి, "సద్దే లేదే!" అని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. రెవెన్యూ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ డొక్కు జీపుల్లో తిరిగి నడుము అరగదీసుకున్నవాణ్ణి, ఆ మెత్తదనం నాకు హాయిగానే ఉండింది.

ఆ చలికాలంలో బంధువుల పెళ్ళికి పట్టుచీరలు తేవడానికి నేనూ మావాడూ ధర్మవరం బయలుదేరాం. పెనుకొండ దాటాక ధర్మవరానికి తిరిగే పక్కరోడ్డులో మా అక్క ఊరు వస్తుంది. మా బావ పోయినప్పటి నుంచి ఆమె కొడుకు, కోడలి దగ్గరే ఉంటోంది. ఉన్నది మెట్ట పొలం. వానలు సరిగ్గా పడితే వేరుశనగ, ఆలస్యమైతే ఉలవ.

మా వైపు ఉలవ కోతల కాలంలో రోడ్డే కళ్ళం. పీకి ఎండబెట్టిన చెట్లను రోడ్డు మీద పరిచేస్తారు. వచ్చే పోయే బస్సులు, లారీలు వాటిని తొక్కి నూరుస్తాయి. ఆడవాళ్ళు పంగలకర్రలతో చెట్లను తిరగేస్తూ ఉంటారు. అధికారులు వద్దంటారు, నేనూ ఉద్యోగంలో ఉండగా వద్దన్నాను, ఎవరూ మానలేదు. ఆ పని చేసేవాళ్ళు రోడ్డును చెవులతోనే చూసుకుంటారు. మా అక్క వంగిన నడుము ఎత్తకుండానే వెనక వచ్చేది బస్సో, ట్రాక్టరో, మోటారు సైకిలో చెప్పేది. బండి దగ్గరికి రాగానే పక్కకు జరిగేది, అది పోగానే మళ్ళీ దిగేది. చిన్నప్పటి నుంచీ ఆమెకది అలవాటు.

ఆ రోజు ఆమె పరిచిన ఉలవకు ఇటు చివర, మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. మావాడు గుర్తుపట్టి నిదానించాడు. "అత్తకు హారన్ కొట్టేదేమి నాయనా, బాగుండదు" అన్నాడు. ఆమే జరుగుతుందని నేనూ అనుకున్నాను. జరగలేదు. కారును దాదాపు ఆమె కాళ్ళ దాకా పోనిచ్చి ఆపాడు, అద్దం దించి "అత్తా!" అని పిలిచాడు. ఆమె గిరుక్కున తిరిగింది. నడుము దగ్గర బానెట్టు కనబడేసరికి కర్ర వదిలేసి పరిచిన ఉలవ మీద వెల్లకిలా పడింది.

మేం లేవనెత్తాం. దెబ్బ తగల్లేదు. కానీ ఆమె కారు వైపు చూడకుండా చెవులు తడుముకుంటోంది.

"రేయ్, నాకు ఇనపడలేదురా" అంది నాతో. "చెవులు పోయినట్లుండాయి."

ఆ రాత్రి డైరీలో "అక్క పడింది. ఏమీ కాలేదు" అని రాశాను. రెండో వాక్యం తప్పని తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఆ రోజే ధర్మవరం దారిలో మావాణ్ణి అడిగాను, ఈ కారుకు అసలు శబ్దమే పెట్టలేదా అని.

"పెట్టినారు నాయనా. మెల్లగా పోయేటప్పుడు మనుషులకు తెలియల్లని గుయ్‌మని ఒక సద్దు వస్తాది. నాకు నచ్చక ఆఫ్ చేస్తా. ఎక్కిన ప్రతిసారీ ఈ మీట నొక్కాల, అదొక విసుగు."

వాడికి విసుగు మీట నొక్కడం! నాకు ఒళ్ళు మండింది. తిరిగి వచ్చాక షోరూముకు పోయి, ఆ మీట పనిచేయకుండా చేయమన్నాను. అక్కడి అబ్బాయి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "సార్, మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఆ సద్దు తీసేయమనే అడుగుతారు. ఉండల్లని అడిగింది మీరే" అని నవ్వాడు. అతనితో వాదించి లాభం లేదని లేచి వచ్చేశాను.

ఇంతలో అక్క ఇంటి నుంచి ఫోను. ఆమె కోడలు చేసింది.

"చిన్నాయనా, అత్తను రోడ్డు మీదికి పంపడం మానేసినాం. చెవుడు వచ్చింది కదా. ఏమన్నా అయితే మమ్మల్నే అంటారు."

"చెవుడు లేదమ్మా. ఆ కారుకు సద్దు లేదు."

"కారు సద్దు లేకుండా యాడన్నా వస్తాదా? మీ అక్క బాధపడతాదని చెప్తాండారు మీరు."

అక్కను మాట్లాడించమన్నాను. ఆమె ఫోను తీసుకుని ముక్తసరిగా మాట్లాడింది. పక్కింటివాళ్ళు తన దగ్గరికి వచ్చి అరిచి మాట్లాడుతున్నారట. "అరవద్దంటే ఇంకా అరుస్తారు. ఇంట్లో కూర్చోని ఉలవలు చెరుగుతాండా" అని పెట్టేసింది. పొలం పని మానమని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి ఒక మీట వల్ల ఇంట్లో కూర్చుంది.

మావాడి వెంటపడి బయలుదేరదీశాను. "నేను ఫోన్‌లో చెప్తా కదా నాయనా, దీనికోసం ఇంత దూరమా?" అని దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

అక్క ఇంటి ముందు వీధి సన్నం, నిశ్శబ్దం. కోడలినీ అక్కనూ గోడవైపు తిప్పి నిలబెట్టాను. కారు వస్తే చెయ్యెత్తమన్నాను. వాళ్ళిద్దరి మధ్య నేను నిలబడ్డాను. ఇరుగుపొరుగు చేరారు.

"ఏమబ్బా, ఇద్దరికీ బడిలో శిక్ష ఏసినట్లుండాదే!" అన్నాడొక ముసలాయన.

"నాకు చెవులు బాగుండాయి, నేను పట్టేస్తా చూడు" అంది కోడలు.

మావాడు మీట నొక్కి, వీధి చివర నుంచి మెల్లగా వచ్చాడు. కారు నా పక్కన ఆగింది. ఇద్దరి చేతులూ లేవలేదు. తిరగమన్నాను. కోడలు తిరిగి "అమ్మో!" అని గోడకు కరుచుకుపోయింది. అందరూ నవ్వారు.

"నీకూ చెవుడేనేమమ్మా?" అంది అక్క. అప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూశాను.

రెండోసారి శబ్దం ఉంచి రమ్మన్నాను. కారు ఇంకా దూరంగా ఉండగానే అక్క చెయ్యెత్తింది. కోడలు ఆమె తర్వాతే ఎత్తింది. దాంతో నా పని అయిందనుకున్నాను. అక్క పని అప్పుడే మొదలైంది. నేరుగా మావాడి దగ్గరికి పోయింది.

"ఈ సద్దు కారులోనే ఉన్నెనా?"

"ఉండాదత్తా."

"మరి ఎందుకు ఆర్పినావు?"

"వినేకి బాగుండదత్తా. ఏడ్చినట్లు ఉంటాది."

"నీకు బాగుండల్లని నన్ను చెవిటిదాన్ని చేస్తివి కదరా."

వాడు తల వంచుకుని "తప్పయింది అత్తా" అన్నాడు. ఆమె లోపలికి పోయి పంగలకర్ర తీసుకుని వచ్చింది. కోడలు అడ్డుచెప్పలేదు.

ఆ వారమే ఫోను చేస్తే కోడలు చెప్పింది. "రోడ్డు మీదికే పోతాంది చిన్నాయనా. కానీ ముందటి మాదిరి కాదు. రెండుసార్లు తిరగేస్తే ఒకసారి ఎనక్కి చూస్తాది. సగం పని కూడా తెమలదు. మెడ నొప్పి అంటాది రాత్రిపూట."

ఇక మావాడు. నేను పక్కన ఉంటే మీట జోలికి పోడు. లేకపోతే నొక్కుతాడు. నాకెలా తెలుసంటే, ఉదయం వాడు ఆఫీసుకు బయలుదేరేటప్పుడు మా గేటు ముందు కారు కదిలిన సద్దు నాకు వినబడదు. చెప్పాను, కోప్పడ్డాను, వాడి భార్యచేత చెప్పించాను. "సరే నాయనా" అంటాడు. మర్నాడు మళ్ళీ నిశ్శబ్దమే.

అందుకే ఇప్పుడు వాడు ధర్మవరం వైపు పోతున్నాడని తెలిస్తే చాలు, పిలిచినా పిలవకపోయినా పోయి ముందు సీట్లో కూర్చుంటున్నాను.